మచ్చు చిత్రం – మంచి చెడ్డలు

అన్నం ఉడికినదో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు పెద్దలు. మచ్చు చూసి సరకు నాణ్యతను నిర్ణయించడం వర్తకంలో అనాదిగా ఉన్న ఆచారం. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతానికి ఈ విద్య కొత్తది కాదు. పలాస–కాశీబుగ్గ జంట పట్టణంలో జీడిపప్పు కొనే వర్తకుడు బస్తా మొత్తాన్ని గుమ్మరించి చూడడు. గుప్పెడు పప్పును అరచేతిలో పోసుకొని దాని రంగును, పరిమాణాన్ని, అందులో గుండు ఎంత, బద్ద ఎంత అన్న విషయాన్ని పరిశీలిస్తాడు. డబ్ల్యు 320 అనే రకంలో పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 వరకు పలుకులు తూగుతాయి. మచ్చుకు, బస్తాకు మధ్య నమ్మకం ఉన్నంతకాలం ఈ పద్ధతికి లోటు లేదు.

డిజిటల్ కెమెరాను కొనదలచినవారు కూడా ఈ పద్ధతినే అనుసరిస్తారు. తయారీదారులు చూపే మచ్చు చిత్రాలను చూసి, చిత్రం బాగున్నది కనుక కెమెరా బాగున్నదని తీర్మానిస్తారు. పొరపాటు ఇక్కడే జరుగుతుంది. కుండలోని మెతుకులన్నీ ఒకే ఎసరులో, ఒకే మంట మీద ఉడికినవి. మచ్చు చిత్రాలు అటువంటివి కావు. ఒకటి ఉదయపు నీరెండలో తీసినది, మరొకటి స్టూడియో దీపాల నడుమ తీసినది, ఇంకొకటి కంప్యూటరులో మెరుగులు దిద్దినది. వాటిలో కనిపించే అందంలో వెలుగు పాలు ఎంత, ఛాయాగ్రాహకుని నేర్పు పాలు ఎంత, కెమెరా పాలు ఎంత అని విడదీసి చూడని తీర్పు తీర్పే కాదు.

మెగాపిక్సెళ్ల సంఖ్యను మాత్రమే నమ్మడం దీనికంటె పెద్ద పొరపాటు. 1975లో కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ శాసన్ రూపొందించిన తొలి డిజిటల్ కెమెరా చిత్రంలో కేవలం 10,000 బిందువులు ఉండేవి. దానిని క్యాసెట్టు టేపు మీద నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టేది. నేడు చేతిఫోనులో సైతం కోటికి పైగా బిందువులు సామాన్యమయ్యాయి. అయితే ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు గల కాగితం మీద అంగుళానికి 300 బిందువుల చొప్పున అచ్చు వేయడానికి 21,60,000 బిందువులు సరిపోతాయి. అంతకు మించినవి పెద్ద ముద్రణకు, చిత్రంలో ఒక భాగాన్ని కత్తిరించి వాడుకోవడానికి పనికివస్తాయి. అంతేకాని మసకబారిన కటకాన్ని అవి బాగుచేయలేవు. పైగా చిన్న సెన్సార్ మీద బిందువులను ఇరికించినకొద్దీ ఒక్కొక్క బిందువుకు అందే వెలుగు తగ్గుతుంది.

మరి మచ్చు చిత్రాన్ని ఎలా పరిశీలించాలి? టెక్కలి సమీపంలోని తేలినీలాపురం ఇందుకు చక్కని పాఠశాల. ఏటా సెప్టెంబరు ప్రాంతంలో అక్కడికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు తరలివచ్చి, చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుకుంటాయి. ఎర్రకాళ్ల కొంగ ఒక్కటే కెమెరాకు అనేక పరీక్షలు పెడుతుంది. ఎండలో మెరిసే తెల్లని ఈకల గీతలు విడివిడిగా కనిపించాలి; అవి సున్నం పూసిన గోడవలె తెల్లబోతే వెలుగును తాళుకొనే శక్తి చాలలేదన్నమాట. రెక్కల మీది నలుపు చారలలో వివరం మిగలాలి. తోక దగ్గరి గులాబి ఛాయ గులాబిగానే ఉండాలి కాని ఎరుపుగా మారరాదు. ఆకాశం ఎదుట నిలిచిన సన్నని కొమ్మల అంచున ఊదారంగు పొర కనిపిస్తే అది కటకపు దోషం. సందెవేళ తీసిన చిత్రపు నీడలలో ఇసుక చల్లినట్లు రేణువులు కనిపిస్తే అది సెన్సార్ బలహీనత. ఈ పరీక్షలన్నీ పక్షులను బెదరగొట్టకుండా దూరం నుంచే జరపాలని వేరుగా చెప్పనక్కరలేదు.

రెండు కెమెరాలను పోల్చేటప్పుడు ఒకే దృశ్యాన్ని, ఒకే వేళ, ఒకే దూరం నుంచి తీయాలి. రెండు చిత్రాలనూ ఒకే పరిమాణంలో చూడాలి. ఫోనులో ఒకరి నుంచి ఒకరికి చేరి కుదించుకుపోయిన ప్రతిని కాక, కెమెరా నుంచి నేరుగా వచ్చిన ప్రతినే పరిశీలించాలి. మధ్యభాగంతో తృప్తిపడక నాలుగు మూలలనూ చూడాలి. అన్నింటికంటె ముఖ్యంగా, కెమెరాను ఏ వెలుగులో ఉపయోగిస్తారో ఆ వెలుగులోనే మచ్చు తీయాలి. రాత్రి ముహూర్తపు పెళ్లిళ్లను చిత్రించి జీవించే యువకునికి మిట్టమధ్యాహ్నపు మచ్చు చిత్రం ఏమి ఉపకారం చేస్తుంది?

నేర్పుగల చేతిలో ఏ కెమెరా అయినా చక్కని చిత్రాన్నే ఇస్తుందని, ఇంత పరిశోధన అనవసరమని కొందరి వాదం. ఆ మాటలో సత్యం లేకపోలేదు. నిపుణుడు సాధనపు లోపాన్ని కప్పిపుచ్చగలడు. అందువల్లనే నిపుణుడు తీసిన అందమైన చిత్రం సాధనానికి సరైన కొలమానం కాజాలదు. అదీగాక, నేటి ఫోన్లు పలు చిత్రాలను క్షణంలో కలిపి, రంగులు పెంచి, నునుపు దిద్ది చూపుతున్నాయి. కంటికి ఇంపుగా ఉండటం వేరు, కన్నదాన్ని ఉన్నట్లు చూపడం వేరు.

ఈ భేదం వినోదానికి సంబంధించినది మాత్రమే కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. ఏళ్ల తరబడి పెంచిన చెట్టు పడిపోయినప్పుడు రైతుకు కావలసినది అందమైన చిత్రం కాదు. ఎన్ని చెట్లు కూలాయో, వేళ్లతో పెకలించుకుపోయాయో, మొవ్వు విరిగి నిలిచాయో స్పష్టంగా చూపే చిత్రం కావాలి. ఆకుపచ్చదనాన్ని తనంతట తాను పెంచే కెమెరా వాడిన మట్టలను సైతం పచ్చగా చూపగలదు. అటువంటి చిత్రం గోడకు అలంకారం కావచ్చునేమో కాని, నష్టానికి సాక్ష్యం కాలేదు.

కనుక మచ్చును నిరాకరించనక్కరలేదు; మచ్చును ఎవరు, ఎక్కడ, ఏ వెలుగులో తీశారని ప్రశ్నించడం అవసరం. జీడిపప్పు వర్తకుడు తన అరచేతిలో పోసుకున్న గుప్పెడునే నమ్ముతాడు కాని, పొట్లం మీది బొమ్మను నమ్మడు. కెమెరా కొనేవారికీ ఆపాటి జాగ్రత్త ఉండటం మంచిది.