లేవనీయని ఆట

తిరుపతి ప్రాంతమువారు ఆటను నిందింపజాలరు. ఈ క్షేత్రమున దేవుడే ఆటకాడు. హాథీరాం బావాజీ యను ఉత్తరదేశపు భక్తునితో శ్రీనివాసుడు రాత్రులు పాచికలాడెనని మన పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఒకనాడు ఆటలో పొద్దు తెలియలేదు, సుప్రభాతవేళ సమీపించెను, స్వామి తొందరగా లేచి తన కంఠహారమును అచటనే మరచి ఆలయమునకు వెడలిపోయెను. హారము బావాజీకడ కనబడగా అతనిని దొంగ యనిరి. నీవు చెప్పునది నిజమైన ఈ బండెడు చెరకును తెల్లవారులోపల తినిచూపుమనిరి. ఏనుగు వచ్చి తినిపోయెను. ఈ కథలో భక్తులు మహిమను చూతురు. మేము మరియొక సంగతిని చూచుచున్నాము. ఆట ఎంత రుచించినను తెల్లవారగానే స్వామి లేచెను. లేవగలిగెను. "ఇంకొక పందె మాడినచో రత్నమొకటి ఉచితము" అని ఎవరును ఆయన చెవిలో ఊదలేదు. "తాము మూడు గంటలుగా దయచేయలేదు, పాచికలు తమకొరకు ఎదురుచూచుచున్నవి" అని గర్భాలయమున గంట మ్రోగలేదు.

అది ఆట. ఇప్పుడు మన బిడ్డల చేతులలో నున్నది మరియొకటి. దానికిని ఆటయని పేరుపెట్టినవారు మిక్కిలి చతురులు.

గడచిన కార్తిక బ్రహ్మోత్సవములలో తిరుచానూరు వీథిలో అమ్మవారి వాహనము కదలివచ్చుచుండగా ఒక యరుగుమీద ముగ్గురు బాలురు కూర్చుండియుండుట చూచితిమి. మేళము మ్రోగుచున్నది, జనము చేతులెత్తి మ్రొక్కుచున్నది, ఆ మూడు తలలు మాత్రము ఫోనులనుండి పైకి లేవలేదు. "లెయ్ అబ్బోడా, అమ్మోరు వస్తా వుండాది" అని ముసలమ్మ యొకతె భుజము తట్టెను. "ఇప్పుడు లేస్తే మావోళ్లు చచ్చిపోతారవ్వా" అని మనుమడు బదులు చెప్పెను. వాహనము సాగిపోయెను. చావవలసినవారెవరో మాకు తెలియదు. వారు చచ్చినను అయిదు నిమిషములకు మరల బ్రతికి వచ్చియుందురు. అమ్మవారు మాత్రము మరుసటి కార్తికమువరకు ఆ వీథిలో ఆ వాహనముపై రారు.

ఆ బాలుని మందలించుట తేలిక. మందలించి ఇంటికి పోయి, మన ఫోను తెరచి, మనమును రంగురంగుల మిఠాయిలను వరుసపెట్టుకొనుచు కూర్చుండుట అంతకంటె తేలిక. కావున మేము వానిని మందలింపము. వాడు సోమరి కాడు. వాని వ్రేళ్ల చురుకుదనమును చూచిన వీణ నేర్పింపవచ్చు ననిపించును. మోసపోయిన జట్టును విడిచి లేవననుటలో వానికి ఒక ధర్మమును ఉన్నది. ఆ ధర్మమునే ఎరగా చేసి గాలము వేసినవారితో మాకు పని.

అరుగుమీద నున్నది ఒక బాలుడు. వానికెదురుగా కంటికి కానరాక కూర్చున్నవారు లెక్కలు నేర్చిన పట్టభద్రులు, చేయితిరిగిన చిత్రకారులు, మనుష్యుని మనస్సు నెరిగిన పండితులు. వాడు ఏ క్షణమున విసిగెనో, ఏ యోటమి పిమ్మట ఫోను క్రింద పెట్టెనో, ఏ గెలుపు పిమ్మట మరల నెత్తుకొనెనో అంతయు వారి పద్దుల కెక్కుచుండును. ఆట నారంభించినవారిలో మొదటినాడు ఎందరు నిలిచిరి, ఏడవనాడు ఎందరు, ముప్పదియవనాడు ఎందరు అని వారు లెక్కింతురు. మన యిండ్లలో ఇట్లు దినములు లెక్కించు సందర్భమొక్కటియే కలదు. దాని పేరు ఇచట చెప్పనక్కరలేదు. తమకు విరివిగా ధనమిచ్చువానికి ఆ వ్యాపారమువారు పెట్టుకొనిన ముద్దుపేరు 'తిమింగిలము'. ఖాతాదారుడనలేదు, పోషకుడనలేదు; సముద్రమున పొడిచి నూనె తీయదగిన జంతువు పేరు పెట్టిరి. ఆ వ్యాపారమున మేము మెచ్చదగిన సత్యవాక్యము ఇదియొక్కటే.

వారి పద్ధతి చూడుడు. ఆట ఉచితము. ఉచితమను మాట ఈ క్షేత్రమునకు క్రొత్తది కాదు. ఇచట అన్నప్రసాదము ఉచితమే. కాని తిని లేచినవానిని వాకిటకడ ఆపి "రేపు రాకున్న నీ విస్తరి పోవును" అని బెదరించువారు లేరు. ఫోను ఆటలో మొదటి మెట్లు సులభముగా నెక్కింతురు. పిమ్మట మెట్టును ఎత్తు చేయుదురు. అయిదు ప్రాణములిత్తురు; అవి తీరిన పిదప అరగంట కాచుకొనుము, కాదేని కొనుము అందురు. రూపాయితో నేరుగా కొననీయరు; రూపాయిని రత్నములుగా మార్తురు. వస్తువు వెల నూరు రత్నములైన, రత్నములను ఎనుబదిగనో నూటయిరువదిగనో మూటగట్టి అమ్ముదురు. మిగిలిన రత్నములు జేబులో గులకరాళ్లవలె గలగలలాడుచు మరియొక మూటను కొనుమని వేధించుచుండును. సంతలో తప్పుడు తూకము తూచు వర్తకుడైనను రూపాయిని రూపాయియనియే పిలుచును కదా!

అన్నింటికంటె గడుసైనది మూతపెట్టె. వెల ముందు చెల్లింపవలెను. లోపలి వస్తువు పిమ్మట కనబడును. వేషమో, కత్తియో, తుపాకికి పూయు రంగో వచ్చును. కోరినది పెక్కుసార్లు రాదు. మన తిరునాళ్లలో రంగులరాట్నము ప్రక్కన చక్రము త్రిప్పి సబ్బుబిళ్ల నిచ్చువాడు చేయునదియు నిదియే. వాడు ఎండలో నిలుచును, పోలీసును చూచి పరుగెత్తును. పెట్టెలవాడు చల్లని గదిలో కూర్చుండును. ప్రభుత్వములు వానికి స్వాగతతోరణములు కట్టును.

2009లో ఫార్మ్‌విల్ అను వ్యవసాయపుటాట ఫేస్‌బుక్కులో బయలుదేరి కోట్లకొలది జనమును ఆకర్షించెను. నాటిన పైరును చెప్పిన గడువులో కోయకున్న అది వాడిపోవును. అందుకై ఉద్యోగస్థులు అర్ధరాత్రి లేచి లేని పొలమున లేని పంటను కోసిరి. 2020 డిసెంబరు 31తో ఆ ఆట మూతపడెను. ఎవరి గాదెలోను గింజ మిగులలేదు. వాడిపోవు పైరును తలచి నిద్రలేచు బాధను వినోదమని అమ్మవచ్చునని మనవారికి ముందే తట్టియుండిన, మదనపల్లె టమాటా రైతు నేడు కోటీశ్వరుడై యుండును.

ఇక చట్టము సంగతి. ఈ విషయమున తెలుగుదేశమునకు ఒక విచిత్రమైన సంబంధము కలదు. దేశమంతట లేచిన ఆన్‌లైను రమ్మీ మేడలకు పునాది సికింద్రాబాదులోని యొక క్లబ్బు. అచట రమ్మీ యాడువారిని పోలీసులు పట్టుకొనగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును సత్యనారాయణ యనువారికిని వ్యాజ్యెము సుప్రీంకోర్టుదాక నడచెను. 1968 నాటి న్యాయనివేదికలలో ప్రకటింపబడిన ఆ తీర్పున, పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొని చేతిముక్కలను కూర్చుకొనవలసి యుండుటచేత రమ్మీ ముఖ్యముగా నేర్పుతో కూడిన ఆటయని న్యాయమూర్తులనిరి. దానితోపాటు మరియొక మాటయు ననిరి: ఇంటి యజమానిగాని క్లబ్బువారుగాని పందెపుటాటనుండి లాభము తీయుచున్నారని సాక్ష్యమున్నచో అది నేరము కావచ్చును. సంస్థలు మొదటి మాటను బంగారు చట్రములో బిగించి గోడకు తగిలించుకొన్నవి. రెండవ మాటను ఏ మూల పెట్టినవో! ప్రతి పందెమునుండి వాటా తీయుటయే వాని జీవనోపాధి.

నేర్పు, అదృష్టము అను తగవుతో విసిగి తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను ఆన్‌లైను పందెములను నిషేధించినవి. ఆంధ్రప్రదేశము ఆడినవానికిని చెరసాల చూపెను. కాని నగరి దాటిన తమిళనాడు. ఫోనునకు చెక్‌పోస్టు లేదు. 2023 అక్టోబరు 1 మొదలు పందెపు పూర్తి మొత్తముపై నూటికి 28 చొప్పున జి.ఎస్.టి. వచ్చెను, పాపమని తెలిసిన పిదప పాపమున పాలు తీసుకొనుట ఖజానాలకు క్రొత్త కాదు. ఆ దినములలో భారత క్రికెట్టు వీరుల రొమ్ముపై పందెపుటాటల సంస్థ డ్రీమ్ ఎలెవెన్ పేరే వెలిగెను. తుదకు 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసెను. 22వ తేదీన రాష్ట్రపతి సమ్మతించెను. నేర్పైనను అదృష్టమైనను డబ్బు పందెముతో కూడిన ఆన్‌లైను ఆటను నడుపరాదు. నడిపినవానికి మూడేండ్లవరకు చెర, కోటి రూపాయలవరకు జరిమానా. ఆడినవానికి శిక్ష లేదు. రొమ్మునుండి పేరు ఊడెను. ఎర తిన్న చేపను విడిచి గాలమువానిని పట్టుకొనుట న్యాయమే. మేము సంతసించితిమి.

సంతసించి, మరల ఆ యరుగువైపు చూచితిమి. ఆ బాలుడు అచటనే యున్నాడు. ఏలయన, డబ్బు పెట్టి డబ్బు గెలువనాశించునది పందెము. డబ్బు పెట్టి ఏమియు గెలువనిది వినోదము! చట్టము గీచిన గీత ఇది. పేకాటరాయునికి పెట్టినదానిలో ఒకనాడైనను కొంత తిరిగివచ్చును. మూతపెట్టెల బాలునికి ఎన్నడును ఒక్క రూపాయి తిరిగిరాదు. తిరిగిరాదు గావున అది జూదము కాదట! దొంగ సొత్తును ఎన్నటికిని తిరిగి ఈయడు గావున అతడు అప్పు ఎగవేసినవాడు కాడన్నట్లున్నది ఈ తర్కము.

ఇతరదేశములు ఈ చిక్కును ముందే చూచినవి. జపానులో పెట్టెలలోని తునుకలన్నియు కూర్చిననే బహుమానమను పద్ధతిని 2012లో తప్పుపట్టిరి. బెల్జియమువారు 2018లో మూతపెట్టెలను జూదమనిరి. చీనాలో 2021 మొదలు పదునెనిమిదేండ్లలోపు వారికి శుక్ర, శని, ఆది వారములందును సెలవుదినములందును రాత్రి 8 మొదలు 9 వరకే ఆట. అంతటి కావలిని మేము కోరము. బిడ్డకు నిద్రవేళ చెప్పవలసినది తల్లి, పోలీసు కాదు. అమెరికాలో ఫోర్ట్‌నైట్ ఆటవారు 2022లో పిల్లల వివరములు సేకరించిరనియు, మీటలను మాయగా అమర్చి కొనిపించిరనియు వచ్చిన అభియోగములపై 52 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒడంబడిరి. మీట అమరిక కూడ మోసము కావచ్చునని అచట తేలెను.

అట్లని ఆటల నిర్మాణమే నీచమని మేమనము. చిత్రము, సంగీతము, గణితము, కథ నాలుగును కలసిన కళ అది. అందు మనవారి ప్రజ్ఞయు తక్కువది కాదు. బెంగుళూరున 1997లో స్థాపితమైన ధ్రువ సంస్థలో మన దేశపు యువకులు విదేశపు ఆటలకు బండ్లను, గోడలను, చెట్లను చిత్రించి ఇచ్చిరి. 2019లో ఆ సంస్థనే విదేశపు ఆటల కంపెనీ కొనుక్కొనెను. ప్రత్తి మనది, బట్ట వారిది అని తాతలనాడు వగచితిమి. నేడు చేయి మనది, ఆట వారిది.

ఇదియు మొదటిసారి కాదు. ముక్కోటి యేకాదశి జాగరమున మన అవ్వలు పరచిన పరమపదసోపానపటము పందొమ్మిదవ శతాబ్ది చివర ఇంగ్లండు చేరి, పాములు నిచ్చెనలు అను పేర మరల మనకే అమ్మకమునకు వచ్చెను. ఆ పటమును చేసినవాని నిజాయితీని చూడుడు. పాము ఎచటనున్నదో, నిచ్చెన ఎచటనున్నదో ఆడకముందే అందరికిని కనబడును. ధనికునికిని దరిద్రునికిని గవ్వలు ఒకటే. పెద్దపాము నోటబడినవాని చెవిలో "ఇరువది రూపాయలిచ్చిన పైకి తీయుదును" అని పాము పలుకదు. అన్నింటికంటె ముఖ్యముగా, పైన పరమపదము కలదు. చేరినవాడు చేరెను, ఆట ముగిసెను, పటము చుట్టి అటకమీద పెట్టిరి. నేటి ఆటలకు లేనిది ఈ పరమపదమే. వారు పటమును ప్రతిమాసము పైకి పొడిగించుచుందురు. పాములు మాత్రము అచటనే యుండును.

కావున మేము కోరునది కొంచెమే. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో 13 విధముల వర్తకమాయలను పేర్కొని నిషేధించెను. అసత్యపు తొందర పెట్టుట, విసుగు పుట్టువరకు వేధించుట వానిలోనివే. ఆ కొలబద్దను ఆటలకును పట్టుడు. వెలను రత్నములలో కాక రూపాయలలో చూపింపుడు. మూతపెట్టెలో ఏది నూటికి ఎన్నిసార్లు వచ్చునో కొనకముందు తెలుగులో వ్రాయింపుడు. బాలురకు ఆ పెట్టెలనే అమ్మనీయకుడు. లేచిపోవువానికి నష్టము కలిగించు నియమమును తీసివేయుడు. తలిదండ్రులు తాము ముందుగా ఫోను క్రింద పెట్టి, పిమ్మట బిడ్డ నడుగవలెను. మన పఠనమందిరములలో ఒక మూల పులిజూదమునకు, చదరంగమునకు చోటీయవలెను. ఎదుటివాని ముఖము చూచి ఓడుటయు ఒక విద్యయే.

తిరుచానూరు తల్లిని పెండ్లాడుటకు స్వామి కుబేరునికడ అప్పుచేసి నేటికిని వడ్డీ కట్టుచున్నాడని అందురు. ఆ యప్పునకు పత్రము కలదు, సాక్షులు కలరు, కలియుగాంతమను గడువైనను కలదు. అరుగుమీది బాలుడు ప్రతిసాయంకాలమును కట్టుచున్న వడ్డీకి పత్రము లేదు, సాక్షి లేడు, గడువు లేదు. దేవుని అప్పుకంటె దీర్ఘమైన అప్పును పసివాని నెత్తిన పెట్టువ్యాపారమును ఆటయని పిలుచుట మానుదము. ఏది లేవనిచ్చునో అదియే ఆట.