పన్ను గట్టిదే... పునాదే కదులుతోంది!

పొద్దున్నే బ్రష్ చేసి ఉమ్మితే నురగలో ఎర్రటి చార. 'బ్రష్ గట్టిగా తగిలిందేమో' అనుకుని నీళ్లు పోసేస్తాం. కొన్నాళ్లకు నోటి దుర్వాసన. ఇంకొన్నాళ్లకు ముందు పళ్ల మధ్య సందు. చివరికి ఓ రోజు జామకాయ కొరికితే పన్ను కదులుతుంది! అప్పుడు పరుగెత్తితే 'డీప్ క్లీనింగ్ చేయాలి' అంటారు డాక్టరు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే పక్కింటి పిన్నిగారి సలహా సిద్ధం... 'వద్దమ్మా, క్లీనింగ్ చేయిస్తే ఉన్న పళ్లు కూడా వదులైపోతాయి'. అంతే, వైద్యం వాయిదా. జబ్బు మాత్రం వాయిదా పడదు.

పాచి... ఆపై గార

పళ్లమీద రోజూ పేరుకునే మెత్తటి పొరే పాచి. అదంతా బ్యాక్టీరియా. తోమితే పోతుంది. తోమకుండా వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి గట్టిపడి గారగా మారుతుంది. ఇక దాన్ని ఏ బ్రషూ, ఏ పళ్లపొడీ వదిలించలేవు.

1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హరాల్డ్ లోయ్ బృందం ఓ ప్రయోగం చేసింది. చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మందితో పళ్లు తోమడం మాన్పించింది. మూడు వారాలు తిరిగేసరికి అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ శుభ్రంగా తోమడం మొదలెట్టాక మామూలయ్యాయి. అంటే తొలిదశలో మేల్కొంటే నష్టమేమీ ఉండదు. నిర్లక్ష్యం చేస్తే కొందరిలో ఇన్ఫెక్షన్ చిగురు లోపలికి దిగి పన్నును పట్టి ఉంచే ఎముకను కరిగించేస్తుంది. ఇదే పెరియోడాంటైటిస్. చాలామందిలో నొప్పి ఉండదు, అదే అసలు ప్రమాదం. పొగతాగేవారిలో రక్తం కూడా పెద్దగా రాదు.

ఏం చేస్తారు?

గీతలున్న సన్నని పరికరంతో పన్నుకూ చిగురుకూ మధ్యనున్న సందు లోతు కొలుస్తారు. 1 నుంచి 3 మిల్లీమీటర్లుంటే మామూలే. 4 దాటి, రక్తం కూడా వస్తుంటే చికిత్స గురించి ఆలోచించాలి. ఎముక ఎంత పోయిందో ఎక్స్‌రేలో తెలుస్తుంది.

మామూలు క్లీనింగ్‌లో పైకి కనిపించే గారను తీస్తారు. డీప్ క్లీనింగ్‌లో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చిగురు కింద వేరుకు అంటుకున్న గారను కూడా అల్ట్రాసోనిక్ యంత్రంతో, సన్నని చేతి పరికరాలతో తొలగిస్తారు. నోటిని భాగాలుగా చేసి రెండు మూడు విడతల్లో పూర్తిచేయడం మామూలే. గార అలాగే ఉంటే మాత్రలు ఎన్ని మింగినా జబ్బు నయం కాదు.

మరి పళ్లు వదులవుతాయా?

పన్ను వదులయ్యేది క్లీనింగ్ వల్ల కాదు, అప్పటికే ఎముక కరిగిపోవడం వల్ల. పళ్లను అతికించినట్టు పట్టుకున్న గార పోగానే ఆ నిజం బయటపడుతుంది. వాపు తగ్గడంతో చిగురు కాస్త కిందికి దిగి సందులు కనిపిస్తాయి. కొన్నాళ్లు చల్లటి నీళ్లకు జివ్వుమంటుంది. ఆపైన చిగురు బిగుసుకుంటే కదిలే పళ్లలో కొన్ని కుదురుకుంటాయి కూడా.

4 నుంచి 6 మిల్లీమీటర్ల సందులు సగటున 1 మిల్లీమీటరు, అంతకంటే లోతైనవి 2 మిల్లీమీటర్ల దాకా తగ్గుతాయి. పోయిన ఎముక మాత్రం దీనితో తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే లక్ష్యం. రెండు మూడు నెలల్లో మళ్లీ కొలిచి, లోతు తగ్గని చోట అవసరమైతే చిన్న సర్జరీ చేస్తారు.

మధుమేహం ఉంటే...

షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్ల జబ్బు ముదిరితే షుగరు అదుపు తప్పుతుంది. చిగుళ్లకు చికిత్స చేశాక మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం మేర తగ్గినట్టు పరిశోధనలు చెబుతున్నాయి. అలాగని షుగరు మందులు మానకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవారు, గుండె కవాటం మార్పించుకున్నవారు, గర్భిణులు ఆ సంగతి దంతవైద్యులకు ముందే చెప్పాలి.

ఆ తర్వాత

క్లీనింగ్‌తో సగం పని అయినట్టే. మిగతా సగం ఇంట్లోనే. మెత్తటి బ్రష్‌తో రోజుకు రెండుసార్లు, చిగురు అంచు వెంబడి రెండేసి నిమిషాలు తోమాలి. పళ్ల సందుల్లో చిన్న బ్రష్ వాడాలి. డాక్టరు చెప్పిన ప్రకారం మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. నురగలో ఎర్రటి చార కనిపిస్తే ఈసారి నీళ్లు పోసి ఊరుకోకండి. అది చిగురు పంపిన తొలి కబురు!