పెట్టెలో ఏముందో మన భాషలో రాయించండి
విదేశాల్లోని బిడ్డలకు పార్శిళ్లు పంపే తల్లిదండ్రులకు, కొరియర్ కౌంటర్ల యజమానులకు, విమానయాన, కస్టమ్స్ అధికారులకు విన్నపం

అమెరికాకు పచ్చళ్లు, పిండివంటలు పంపుతామనే బోర్డు లేని పట్టణం ఇవాళ తెలుగునాట అరుదు. కౌంటర్‌లో తూకం వేస్తారు, ఆధార్ నకలు తీసుకుంటారు, డబ్బు కట్టించుకుంటారు. చివర్లో ఒక ఇంగ్లిష్ కాగితం చూపి సంతకం పెట్టమంటారు. ఈ పెట్టెలో ప్రమాదకరమైన వస్తువేదీ లేదని, రాసిన వివరాలన్నీ నిజమేనని, తేడా వస్తే బాధ్యత తనదేనని పంపేవారు ఒప్పుకునే కాగితం అది. దాన్ని చదివి సంతకం పెట్టేవారు ఎందరు? చదివి వినిపించే కౌంటర్లు ఎన్ని? ఆ కాగితం తెలుగులో ఉండాలన్నదే మా డిమాండు.

శ్రావణమాసం వచ్చిందంటే కోడలి కోసం పూజాసామగ్రి కడతాం. అందులో కర్పూరం ఉంటుంది. ప్రపంచమంతా పాటించే విమాన రవాణా నిబంధనల్లో కర్పూరం మండే ఘనపదార్థం, ఐక్యరాజ్యసమితి జాబితాలో దాని సంఖ్య 2717. అగ్గిపెట్టె కూడా మండే ఘనపదార్థాల కోవలోదే. ఎండుకొబ్బరిది 1363వ సంఖ్య. అందులోని నూనె వల్ల తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం దానికుంది. అత్తరు, గోళ్ల రంగు మండే ద్రవాలు. జ్వరం చూసే పాత థర్మామీటర్‌లోని పాదరసం కారితే విమానం ఒంటికి వాడే అల్యూమినియాన్నే తినేస్తుంది. దీపావళికి మనవడి కోసం పెట్టే కాకరపువ్వొత్తులు పేలుడు పదార్థాల తరగతిలోకి వస్తాయి. దేవుడి గూట్లో, వంటింటి అలమరలో ఏళ్ల తరబడి ఏ హానీ చేయనివే ఇవన్నీ. కానీ విమానం అడుగున వేరే పెట్టెల మధ్య ఇరుక్కుని, మనిషి చెయ్యి చేరని చోట వేడెక్కితే ఆపేవాళ్లుండరు.

బ్యాటరీల సంగతి ఇంకా తీవ్రం. 2010 సెప్టెంబరు 3న దుబాయ్ నుంచి బయల్దేరిన యూపీఎస్ సరుకు విమానంలో మంటలు లేచాయి. మొదటి హెచ్చరిక మోగిన సుమారు అరగంటలో విమానం కూలింది, పైలట్లిద్దరూ చనిపోయారు. సరుకులో లిథియం బ్యాటరీలు ఉన్నాయి. ప్రమాదకర సరుకుగా ప్రకటించాల్సిన బ్యాటరీలు కొన్ని ఆ ప్రకటన లేకుండానే ఎక్కాయని దర్యాప్తు చెప్పింది. ఆ తర్వాత, 2016 ఏప్రిల్ 1 నుంచి విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం నిషిద్ధం. చీరల మడతల్లో పవర్‌బ్యాంకు పెట్టి పంపేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

కాగితం మీద తప్పు రాత ఎంత పని చేస్తుందో 1996 మే 11న అమెరికాలో కూలిన వాల్యూజెట్ విమానం చెబుతుంది. గడువు దాటిన ఆక్సిజన్ జనరేటర్లను పెట్టెల్లో సర్ది, ఖాళీవని రాసి ఎక్కించారు. అవి ఖాళీవి కావు. ఆ విమానంలోని 110 మందీ చనిపోయారు. 1973లో బోస్టన్‌లో పాన్ యామ్ సరుకు విమానం కూలి ముగ్గురు సిబ్బంది మరణించారు. అందులో నైట్రిక్ ఆమ్లం సీసాల చుట్టూ రంపపు పొట్టు కూరారు. ఆమ్లం కారి పొట్టుకు తగిలితే ఏమవుతుందో కట్టినవారికి తెలియదు. ఈ రెండు చోట్లా దురుద్దేశమేమీ లేదు, పెట్టెలో ఉన్నదేమిటో దాన్ని మోసుకెళ్లేవారికి సరిగా చెప్పలేదు, అంతే.

స్కానింగ్ ఉంది కదా అంటారు. ఎక్స్‌రే తెర మీద కర్పూరం బిళ్లలకూ మిఠాయికీ పెద్ద తేడా కనిపించదు. పెట్టె తెరవకుండా లోపలున్నదాన్ని ఖాయంగా చెప్పగలిగింది దాన్ని సర్దినవారే.

ఉన్నది ఉన్నట్టు రాయకపోవడమనే ఈ జబ్బు కస్టమ్స్ విషయంలోనూ ఉంది. లోపల ఏమున్నా ‘బట్టలు’, ‘గిఫ్ట్’ అని రాసేసే ఏజెంట్లు ఉన్నారు. మన మసాలాల్లో మామూలైన గసగసాలు యూఏఈలో నిషిద్ధం. వాటితో దొరికితే చిక్కుల్లో పడేది పార్శిల్ అందుకునే బిడ్డ, ఏజెంటు కాదు. కొన్ని నొప్పి మాత్రలకూ, దగ్గు మందులకూ అక్కడ ముందే అనుమతి కావాలి. 800 డాలర్ల లోపు సరుకుకు అమెరికా ఇచ్చిన సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. కాబట్టి విలువ తగ్గించి రాయాలనే ఆశ ఇంకా పెరుగుతుంది. నిజం రాస్తే నష్టమే అనుకోవద్దు. ఇంట్లో స్వయంగా చేసి బంధువుకు కానుకగా పంపే తినుబండారానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థకు ముందస్తు సమాచారం ఇవ్వక్కర్లేదు, దుకాణంలో కొన్నదైతే ఇవ్వాలి. అమ్మ చేతి అరిసెలను ‘బట్టలు’ అని రాస్తే ఆ వెసులుబాటు చేజారినట్టే.

మన దేశంలో ప్రమాదకర సరుకుల విమాన రవాణాకు 2003లోనే నిబంధనలు వచ్చాయి. సరుకు స్వీకరించే చోట హెచ్చరిక బోర్డులు పెట్టాలని అంతర్జాతీయ నియమాలు కూడా చెబుతున్నాయి. కానీ మన పార్శిల్ మన చేయి దాటేది శంషాబాద్ కార్గో టెర్మినల్లో కాదు, మన వీధి మలుపులోని కౌంటర్లో. బోర్డు అక్కడ ఉండాలి. ఇంగ్లిష్‌లో వర్గాల పేర్లు రాస్తే చాలదు. కర్పూరం, ఎండుకొబ్బరి, అత్తరు, పవర్‌బ్యాంకు, టపాసులు అని పేర్లతో, బొమ్మలతో తెలుగులో ఉండాలి. డిక్లరేషన్ ఫారం తెలుగు, ఇంగ్లిష్ రెండిట్లో ఉండాలి. పెట్టెను పంపేవారి ఎదుటే సర్ది, జాబితా చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. సంతకం చేసిన కాగితం నకలు ఒకటి పంపేవారికి ఇవ్వాలి. సరుకు పుచ్చుకునే కుర్రాడికి శిక్షణ ఉండాలి. వీధి ఏజెంట్ల నుంచి పార్శిళ్లు పోగుచేసే పెద్ద కొరియర్ సంస్థలు ఇవి పాటించని కౌంటర్ల సరుకు తీసుకోకూడదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, కస్టమ్స్ అధికారులు ఈ మేరకు ఆదేశాలివ్వాలి.

కౌంటర్ యజమానులారా, ఒక్కో పార్శిల్‌కు మరికొన్ని నిమిషాలు పడతాయి, నిజమే. అయితే ఆదేశం అందరికీ ఒకటే అయితే, అడిగి చూసే నిజాయితీపరుడు గిరాకీ పోగొట్టుకుని, అడగని పక్క దుకాణం బాగుపడే పరిస్థితి ఉండదు. మీకూ ఇది మేలే.

తల్లిదండ్రులారా, ఆదేశాలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈసారి పార్శిల్ కట్టే ముందు కర్పూరం, అగ్గిపెట్టె తీసి పక్కన పెట్టండి, అమ్మాయి అక్కడి భారతీయ దుకాణంలో కొనుక్కుంటుంది. ఉన్న ప్రతి వస్తువునూ మీ చేత్తో తెలుగులో రాసి కౌంటర్‌లో ఇవ్వండి. ఫారంలో ఏం రాశారో చదివి చెప్పమనండి. చెప్పకపోతే సంతకం పెట్టకుండా పెట్టె వెనక్కి తీసుకోండి.