ఆకుపచ్చ జెర్సీ కొనుక్కుంటే ఐర్లాండ్ ఆట తెలిసిపోయినట్టేనా?

మొన్నామధ్య ఆఫీసు క్యాంటీన్లో మన తెలుగువాళ్ళం ఐదారుగురం కూర్చుని డబ్బాలు విప్పుకుంటుంటే ఒకాయన ఒక స్టేట్‌మెంట్ పారేశారు. నాకన్నా పదేళ్ళు పెద్దాయన, డబ్లిన్లో ఇల్లూ పాస్‌పోర్టూ రెండూ సంపాదించుకున్నాయన. "ఈ దేశం ఆటంటే రగ్బీయే అబ్బాయ్. ఆ కర్రలాటలు, గేలిక్ ఫుట్‌బాల్ అన్నీ పల్లెటూరోళ్ళవి. ఇంకో ఇరవై ఏళ్ళు పోతే మ్యూజియంలో చూడాల్సిందే" అని. అందరూ తలలూపారు. నేనూ నోరు మూసుకున్నాను. ఎందుకంటే నేను వచ్చిన కొత్తలో నాకు ఇల్లు దొరకడానికి పూచీ పడింది ఆయనే :-) కానీ అప్పట్నుంచీ కడుపులో తిప్పుతూనే ఉంది. అక్కడ కక్కలేనిది ఇక్కడ కక్కేస్తున్నా.

ముందే చెప్తున్నా, నాకు రగ్బీ మీద పగేం లేదు. 2023 అక్టోబర్ 14న పారిస్‌లో న్యూజిలాండ్‌తో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ జరిగినప్పుడు నేనూ పబ్బులో నిలబడి గొంతు చించుకున్నవాణ్ణే. చివర్లో బంతి వదలకుండా 37 సార్లు అటాక్ చేసి, ఆఖరికి పోగొట్టుకుని 28-24తో ఓడిపోయారు. ఆ రాత్రి ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే డబ్లిన్ మొత్తం మనింట్లో ఎవరో పోయినట్టు ఉంది. 2009, 2018, 2023లో సిక్స్ నేషన్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గ్రాండ్‌స్లామ్‌లు కొట్టారు. 2016లో షికాగోలో న్యూజిలాండ్‌ని మొదటిసారి ఓడించారు. ఉత్తరం, దక్షిణం తేడా లేకుండా మొత్తం ద్వీపానికి ఒకే జట్టుగా ఆడతారు. ఇవన్నీ మామూలు విషయాలు కాదు.

నా గొడవ రగ్బీతో కాదు, "రగ్బీయే ఐర్లాండ్ ఆట" అనే మాటతో.

అసలు మనవాళ్ళకి ఆ మాట ఎలా ఎక్కింది? చాలా సింపుల్. ఫిబ్రవరి, మార్చి నెలల్లో చలికి బయటికి వెళ్ళలేం, టీవీలో సిక్స్ నేషన్స్ ఫ్రీగా వస్తుంది. అవతల ఇంగ్లాండ్, ఫ్రాన్స్ లాంటి మనకి తెలిసిన పేర్లుంటాయి. కంపెనీకి స్టేడియంలో సీట్లుంటాయి, క్లయింట్ రాకపోతే ఆ టికెట్ మనకొస్తుంది. నేనూ అలాగే వెళ్ళాను అవీవాకి. నా ముందు వరుసలో కూర్చున్నాయన 80 నిమిషాల ఆటలో బీరు కోసం ఆరుసార్లు లేచాడు (పనిలేక లెక్కపెట్టాను). మధ్యలో ఒక ట్రై పడింది, వచ్చాక పక్కవాణ్ణి "ఎవరు కొట్టారు?" అని అడిగాడు. తప్పేం లేదు, ఆయన డబ్బులు ఆయనిష్టం. కానీ దాన్ని ఒక దేశపు ఆత్మ అని నాకు చెప్పకండి.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, మన భాషలోనే చెప్తా. సైట్‌కి ఎన్ని హిట్లు వచ్చాయి అన్నది వేరు, రోజూ లాగిన్ అయి కోడ్ రాసేవాళ్ళెంతమంది అన్నది వేరు. రగ్బీ ఇంటర్నేషనల్ మ్యాచ్‌కి హిట్లు బ్రహ్మాండం. కానీ సోమవారం పొద్దున్న ఆ చూసినవాళ్ళలో ఎంతమందికి రగ్బీ క్లబ్బుతో సంబంధం ఉంటుంది? అదే గేలిక్ ఆటల సంఘం, జీఏఏ, 1884 నవంబర్ 1న థర్లెస్ అనే ఊళ్ళో ఒక హోటల్లో పుట్టింది. ఇప్పుడు 32 కౌంటీల్లో ప్రతి పారిష్‌కీ దాదాపు ఒక క్లబ్బు ఉంది. పారిష్ అంటే చర్చి చుట్టూ ఉండే నాలుగు ఊళ్ళు అనుకోండి. క్లబ్బంటే ఒక గ్రౌండు, ఒక షెడ్డు, చావు దగ్గర్నుంచి పెళ్ళి దాకా సాయానికి వచ్చే ఓ వందమంది.

హర్లింగ్ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బూడిదరంగు బెరడుండే యాష్ చెట్టు కర్రతో చేసిన, చివర వెడల్పుగా ఉండే బ్యాటు. చేతిలో ఇమిడే తోలు బంతి. జట్టుకి 15 మంది. బంతిని గాల్లోనే కొడతారు, కర్ర మీద నిలబెట్టుకుని పరిగెత్తుతారు. గోల్‌పోస్టు బారు పైనుంచి పోతే ఒక పాయింటు, కింద వలలో పడితే గోలు, అంటే మూడు పాయింట్లు. మొదటిసారి చూసినప్పుడు నాకు బంతి కనపడలేదు. నిజంగా కనపడలేదు. పక్కన కూర్చున్న ముసలాయన "బంతిని చూడకు, కర్ర ఎత్తినవాణ్ణి చూడు" అన్నాడు. అప్పుడు అర్థమైంది. 2018లో యునెస్కో ఈ ఆటని మానవాళి వారసత్వం జాబితాలో పెట్టింది. అందుకని మ్యూజియంలోకి పోయిందనుకోకండి, అదే ఏడాది లిమరిక్ ఆల్-ఐర్లాండ్ గెలిచింది, తర్వాత 2020 నుంచి 2023 దాకా వరసగా నాలుగు గెలిచింది. లిమరిక్ అంటే మళ్ళీ రగ్బీకి పెట్టింది పేరు. రెండూ ఒకే ఊళ్ళో, ఒకే ఇంట్లో బతుకుతున్నాయి. క్యాంటీన్ పెద్దాయనకి ఈ సంగతి తెలీదు.

ఇక్కడ ఆడేవాళ్ళకి జీతం ఉండదు. మళ్ళీ చదవండి. 82 వేల మంది పట్టే క్రోక్ పార్క్ నిండిపోయిన రోజున మైదానంలో ఉన్న 30 మందికీ జీతం లేదు. ప్రయాణం ఖర్చులు, ప్రభుత్వం ఇచ్చే చిన్న గ్రాంటు, అంతే. కెర్రీకి ఆడే డేవిడ్ క్లిఫర్డ్ గేలిక్ ఫుట్‌బాల్‌లో ఈ తరం మొనగాడు, మామూలు రోజుల్లో స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్తాడు. 2022లో కెర్రీతో ఆల్-ఐర్లాండ్ గెలిచాడు. ఆర్నెల్లు తిరక్కుండానే, 2023 జనవరిలో, వాళ్ళ ఫోసా అనే పల్లె జట్టు తరఫున అన్నతో కలిసి అదే క్రోక్ పార్క్‌లో జూనియర్ క్లబ్ ఫైనల్ ఆడి గెలిచాడు. జూనియర్ అంటే కుర్రాళ్ళ టోర్నీ కాదు, చిన్న క్లబ్బుల టోర్నీ. మన స్టార్ బ్యాట్స్‌మన్ ప్రపంచకప్ గెలిచొచ్చి ఊళ్ళో కిరాణాకొట్టు వాడితో, పోస్ట్‌మన్‌తో కలిసి మండల స్థాయి టోర్నమెంట్ ఆడటం ఊహించుకోండి. కిల్కెనీకి 11 హర్లింగ్ టైటిళ్ళు తెచ్చిన మేనేజర్ బ్రయన్ కోడీ ప్రైమరీ స్కూల్ హెడ్మాస్టరుగా పనిచేశాడు.

ఇక రగ్బీ ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. లిమరిక్‌ని పక్కన పెడితే, ముఖ్యంగా డబ్లిన్ చుట్టుపక్కల, ఫీజులు కట్టే స్కూళ్ళ నుంచి వస్తుంది. లెన్‌స్టర్ జట్టులో చాలామంది అలా వచ్చినవాళ్ళే. కోచ్‌లు, జిమ్‌లు, డైటీషియన్లు అన్నీ స్కూల్లోనే. మన కార్పొరేట్ కాలేజీల్లో ఐఐటీ బ్యాచ్ ఉంటుంది చూడండి, అచ్చం అదే. ర్యాంకులు రావా అంటే వస్తాయి. కానీ ఆ బ్యాచ్‌ని చూపించి "రాష్ట్రంలో చదువు వెలిగిపోతోంది" అంటే మనం ఒప్పుకుంటామా? రాబ్ కెర్నీ లాంటి వాళ్ళు ఎత్తైన బంతులు అంత బాగా పట్టేవారంటే, కుర్రతనంలో లౌత్ కౌంటీకి గేలిక్ ఫుట్‌బాల్ ఆడిన చేతులవి. ఆ క్రెడిట్ మాత్రం ఎవరూ ఇవ్వరు.

మనవాళ్ళు వెంటనే చెప్పే పరిష్కారం ఒకటుంది: "అయితే వీళ్ళూ ఐపీఎల్ లాగా ప్రొఫెషనల్ చేసేస్తే పోలా?" పోదు బాబూ. రగ్బీ 1995లో ప్రొఫెషనల్ అయింది. ఆ డబ్బుకి ఈ దేశం నాలుగంటే నాలుగు జట్లని పోషించగలుగుతోంది. 2003లో అదీ కష్టమని నాలుగింట్లో పేదదైన కొనాక్ట్‌ని మూసేద్దామనుకుంది రగ్బీ యూనియన్. అభిమానులు డబ్లిన్‌కొచ్చి వీధుల్లో ఊరేగితే వెనక్కి తగ్గింది. అదే కొనాక్ట్ 2016లో లీగ్ ఛాంపియన్ అయింది, అది వేరే కథ. ఇప్పుడు 32 కౌంటీలకి ఇదే లెక్క వేయండి. లీట్రిమ్ జనాభా 2022 లెక్కల్లో 35 వేలు. మన దగ్గర ఒక మోస్తరు మండలమంత. స్ప్రెడ్‌షీట్‌లో మొదట ఎగిరిపోయే వరస అదే. కానీ ఇరాక్‌లో శరణార్థుల శిబిరంలో పుట్టిన కుర్ద్ కుర్రాడు జాక్ మొరాడీకి హర్లింగ్ కర్ర చేతికిచ్చింది ఆ లీట్రిమ్మే. 2019లో అదే కౌంటీ జట్టుతో క్రోక్ పార్క్‌లో కప్పు ఎత్తాడు.

గెలుపు సంగతీ చెప్పాలి. రగ్బీ జట్టు నాలుగు మ్యాచులు ఓడితే మన ఆఫీసులో జెర్సీలు బీరువాల్లోకి పోతాయి. మేయో కౌంటీ ఆల్-ఐర్లాండ్ ఫుట్‌బాల్ గెలిచి ఎన్నేళ్ళయిందో తెలుసా? 1951లో గెలిచారు, మళ్ళీ లేదు. 1989 నుంచి 2021 దాకా పదకొండు ఏళ్ళు ఫైనల్‌కి వచ్చి పదకొండుసార్లూ ఓడిపోయారు. అయినా మళ్ళీ ఎరుపు, ఆకుపచ్చ జెండాలు కారుకి కట్టుకుని వస్తారు. దీన్ని ఏ పాపులారిటీ సర్వేలో ఏ కాలమ్‌లో వేస్తారు?

జీఏఏ వాళ్ళు ఏమైనా పుణ్యాత్ములా అంటే కాదు. రగ్బీ, సాకర్, క్రికెట్ ఆడినా చూసినా సభ్యత్వం పీకేసే నిషేధం 1971 దాకా నడిపారు. 1938లో దేశానికి మొదటి అధ్యక్షుడైన డగ్లస్ హైడ్ సాకర్ మ్యాచ్‌కి వెళ్ళాడని ఆయన్నే గౌరవ పదవి నుంచి తీసేశారు. సంఘం పెట్టిన మైకేల్ క్యూసాకే ఒకప్పుడు రగ్బీ, క్రికెట్ ఆడినవాడు! ఆ పట్టుదల వెనక కారణం లేకపోలేదు. 1920 నవంబర్ 21న బ్రిటిష్ బలగాలు క్రోక్ పార్క్‌లోకి వచ్చి కాల్చితే 14 మంది చనిపోయారు, అందులో ఒకడు మైదానంలో ఆడుతున్న టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్. ఇవాళ్టికీ ఒక స్టాండ్‌కి ఆయన పేరే. అయినా కారణం ఉన్నంతమాత్రాన మూర్ఖత్వం మూర్ఖత్వం కాకుండా పోదు. 2005లో రూలు సడలించారు. 2007 ఫిబ్రవరి 24న అదే క్రోక్ పార్క్‌లో ఇంగ్లాండ్ జాతీయగీతం పాడితే జనం మర్యాదగా నిలబడి విన్నారు, తర్వాత ఐర్లాండ్ రగ్బీలో 43-13తో ఇంగ్లాండ్‌ని ఉతికింది. రగ్బీ అభిమానులు ఇప్పటికీ చెప్పుకునే ఆ రోజు ఎవరి గ్రౌండ్‌లో జరిగిందో మర్చిపోతుంటారు.

నాకు అసలు మండేది మాత్రం పాత నిషేధాల గురించి కాదు, ఈమధ్య చేస్తున్న తెలివితక్కువ పనుల గురించి. 2014లో కొన్ని మ్యాచుల హక్కులు స్కైకి అమ్మారు. 2022తో అది ముగిసింది, హమ్మయ్య అనుకునేలోపు 2023లో వాళ్ళే డబ్బులు కట్టి చూసే స్ట్రీమింగ్ పెట్టారు. మన్‌స్టర్ హర్లింగ్ లాంటి అద్భుతమైన మ్యాచులు కొన్ని దాని వెనక దాక్కున్నాయి. ఊళ్ళో పదేళ్ళుగా గడ్డి కోసిన ముసలాయనకి ఆ యాప్ ఎలా తెరవాలో నేను నేర్పాల్సొచ్చింది. ఇంకోటి, 2022 నుంచి ఆల్-ఐర్లాండ్ ఫైనల్స్‌ని జూలైకి జరిపేశారు. క్లబ్ మ్యాచులకి టైం దొరకాలని చేశారు, ఆ ఉద్దేశం మంచిదే, ఒప్పుకుంటా. కానీ స్కూళ్ళు తెరిచే టైంకి, పిల్లలు కర్ర పట్టుకుని బళ్ళోకి పోయే టైంకి పెద్ద ఆట టీవీలో లేదు. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్ని పళ్ళెంలో పెట్టి సాకర్‌కీ రగ్బీకీ అప్పజెప్పారు. రగ్బీ దేన్నీ దోచుకోలేదు. వీళ్ళే తలుపు తీసి ఇచ్చారు.

ఇదంతా నీకెందుకయ్యా అని అడగొచ్చు. చెప్తా. 2025 జూలైలో డబ్లిన్ శివారు తల్లాట్‌లో ఒక భారతీయుడి మీద దాడి జరిగింది. తర్వాత ఇంకొన్ని. ఆగస్టు 1న మన ఎంబసీ జాగ్రత్తగా ఉండమని ప్రకటన ఇచ్చింది. ఆ నెలంతా నేను రాత్రి బస్సు దిగి ఇంటికి పరిగెత్తినంత పని చేశాను. మా అపార్ట్‌మెంట్ పక్క క్లబ్బులో శనివారాలు చిన్నపిల్లల ట్రైనింగ్‌కి కోన్‌లు సర్దే పని నాది, అంతకన్నా ఆట రాదు నాకు. ఆ వారం వాట్సాప్ గ్రూపులో ఒకావిడ రాసింది: "నువ్వు నడిచి రావద్దు, నేను ఎలాగూ అటే వస్తాను, ఎక్కించుకుంటా." ఉపన్యాసం లేదు, సంఘీభావం అనే మాట లేదు. అక్టోబర్ దాకా ఎక్కించుకుంది. జెర్సీ కొన్న స్టేడియంలో నన్ను ఎక్కించుకునేవాళ్ళు ఎవరూ లేరు. అది వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకి నేనెవరో తెలీదు.

ఇంతకీ కొసమెరుపు. క్యాంటీన్ పెద్దాయన నిన్న నా డెస్క్ దగ్గరికొచ్చారు. ఇండియా నుంచి బావమరిది వస్తున్నాడట, జూలైలో హర్లింగ్ ఫైనల్ చూపించాలట, ఆన్‌లైన్లో టికెట్లు ఎక్కడా కనబడట్లేదట. ఉండవండీ, కౌంటీలకీ క్లబ్బులకీ పంచుతారు, మా క్లబ్బుకి వచ్చిన నాలుగింటికీ చీటీలేస్తారు అని చెప్పాను. "మరి ఎలా?" అన్నారు. శనివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి రండి, పదేళ్ళ లోపు పిల్లల మ్యాచుంది, వలలు కట్టాలి, మనుషులు తక్కువున్నారు అన్నాను. చూద్దాం, వస్తారో రారో.