అమ్మమ్మ పేరు ఏ జాబితాలో ఉంది?



ఇవాళ ఇంటికెళ్ళాక మీ అమ్మమ్మనో నాయనమ్మనో ఒక్క మాట అడగండి. "నువ్వు మొదటిసారి ఓటు ఎప్పుడేశావ్?" అని. సంవత్సరం గుర్తుండకపోవచ్చు. ఎవరు నిలబడ్డారో కూడా గుర్తుండకపోవచ్చు. ఇంకాస్త కదిపితే మాత్రం మన ఇళ్ళల్లో తరచూ వినిపించే మాట ఒకటి బయటికొస్తుంది: "పోయినసారి లిస్టులో నా పేరు లేదన్నారు, తిరిగొచ్చేశా." మన ఆడవాళ్ళ ఓటు చరిత్ర అర్థం కావాలంటే ఆ మాట దగ్గరే మొదలుపెట్టాలి.

బడి పుస్తకంలో ఈ చరిత్ర నాలుగు సంవత్సరాలుగా ఉంటుంది. ఫలానా దేశంలో ఫలానా ఏడాది స్త్రీలకు ఓటు వచ్చింది, గుర్తుపెట్టుకోండి, పరీక్షలో రాయండి, అంతే. అందులో 'స్త్రీలు' అంటే ఏ స్త్రీలు అని ఎవరూ అడగరు. మనం అడుగుదాం.

మన బెజవాడ నుంచే మొదలుపెడదాం. భవానీపురంలో ఉండేవాళ్ళకు పున్నమి ఘాట్ తెలియనిది కాదు. అక్కడి నుంచి ఊళ్ళోకి నడుచుకుంటూ పోతే స్వాతంత్ర్యోద్యమం గుర్తులు చాలానే తగులుతాయి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీ చేతికిచ్చింది ఆ సందర్భంలోనే. ఆ సంగతి మనందరికీ చెప్పారు. చెప్పనిది ఇంకోటి ఉంది. అదే ఏప్రిల్ 1న మద్రాసు శాసన మండలి, ఆడవాళ్ళు అనే కారణంతో ఓటు నిరాకరించకూడదని తీర్మానించింది. అప్పట్లో మన కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. బ్రిటిష్ పాలనలోని రాష్ట్రాల్లో ఆ పని ముందు చేసింది మద్రాసే.

అది ఊరికే రాలేదు. 1917లో మద్రాసు అడయారులో భారత మహిళా సంఘం పుట్టింది. ఆ డిసెంబరులోనే సరోజినీ నాయుడు ముందుండి, మార్గరెట్ కజిన్స్ వంటివాళ్ళు వెంట ఉండి, భారత మంత్రి మాంటేగును కలిసి మగవాళ్ళతో సమానంగా ఓటు కావాలని అడిగారు. ఓటు హక్కుల మీద వేసిన సౌత్‌బరో కమిటీ ఇప్పుడే వద్దంది. చివరికి 1919 చట్టం ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల మండళ్ళకు వదిలేసింది. అందుకే 1921లో మద్రాసు తలుపు తీసింది.

ఆ తలుపులోంచి ఎవరు లోపలికెళ్ళారు? భూమి శిస్తు కట్టేవాళ్ళు, పట్నంలో ఇంటి పన్ను కట్టేవాళ్ళు. అంటే పట్టా తన పేరున ఉన్న ఆడవాళ్ళు. అలాంటివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. కృష్ణ ఒడ్డున, కాలవ గట్ల మీద చేపలు పట్టుకుని బతికే యానాది ఆడమనిషికి ఏ శిస్తు రసీదు ఉంటుంది? బుట్టలల్లి, సోది చెప్పి, ఊరూరా తిరిగే ఎరుకల ఆడమనిషికి ఏ ఇంటి పన్ను ఉంటుంది? వాళ్ళకు ఓటు వద్దని చట్టంలో ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరమే పడలేదు.

ఇక మన్యం సంగతి. గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలను ఆ 1919 చట్టమే 'వెనుకబడిన ప్రాంతాలు' అని పక్కకు పెట్టింది. మైదానంలో నడిచే పాలన అక్కడ నడవదు. మద్రాసులో ఓటు తీర్మానం అయిన మరుసటి ఏడాదే, 1922లో, మన్యం తిరగబడింది. అడవి చట్టాలు, పోడు మీద ఆంక్షలు, రోడ్ల పనిలో వెట్టి భరించలేక అల్లూరి సీతారామరాజుతో పాటు గాం గంటం దొర, మల్లు దొర ఆయుధం పట్టారు. ఓటు పెట్టె లేని చోట జనం మాట ఇలాగే బయటికొచ్చింది.

మన పేర్లు అసలు ఏ జాబితాలోనూ లేవనుకునేరు. ఒక జాబితాలో భద్రంగా ఉన్నాయి. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసుకు కూడా తెచ్చారు. ఎరుకల వాళ్ళలో ఎందరినో, యానాదుల్లో కొన్ని గుంపులను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి రిజిస్టర్లలోకి ఎక్కించారు. వేలిముద్రలు తీసుకున్నారు. రోజూ హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు అలా పుట్టిందే. ఒక్కసారి ఆలోచించండి. కాపలా కాయడానికైతే మన ఇంటింటి లెక్కా సర్కారుకు తెలుసు. ఓటు ఇవ్వడానికైతే మనం ఎవరమో తెలియదు.

ఇది మన దేశంలోనే జరిగిందా? కాదు. ఆస్ట్రేలియా 1902లో స్త్రీలకు ఓటిచ్చిందని పుస్తకాలు పొగుడుతాయి. అదే చట్టం అక్కడి ఆదివాసులను, ఆడా మగా అందరినీ, దాదాపుగా బయటే ఉంచింది. దేశవ్యాప్త ఎన్నికల్లో వాళ్ళందరికీ ఓటు దక్కింది 1962లో. కెనడాలో స్త్రీలకు 1918లో వస్తే, చట్టం కింద 'ఇండియన్లు'గా నమోదైన ఆదివాసులకు తమ హోదా వదులుకోకుండా ఓటు దొరికింది 1960లో. అమెరికాలో 1920లో స్త్రీల ఓటు రాజ్యాంగంలోకి ఎక్కింది. అప్పటికి అక్కడి ఆదివాసుల్లో చాలామంది ఆ దేశ పౌరులే కాదు. 1924లో పౌరసత్వం ఇచ్చాక కూడా అరిజోనా, న్యూ మెక్సికో రాష్ట్రాలు 1948 దాకా వాళ్ళను ఓటు వెయ్యనివ్వలేదు.

ఒక్క చోట మాత్రం కథ వేరేగా నడిచింది. 1893లో న్యూజిలాండ్ స్త్రీలకు ఓటిచ్చినప్పుడు మావోరి ఆదివాసీ స్త్రీలకు కూడా అప్పుడే ఇచ్చింది. ఆ ఏడాదే మేరి తే తాయి మంగకాహియా అనే మావోరి మహిళ తమ వాళ్ళ సొంత పార్లమెంటులో లేచి మాట్లాడింది. మాలో చాలామంది ఆడవాళ్ళకు భూములున్నాయి, వాటిని చూసుకునేది మేమే, కాబట్టి మాకూ ఓటు ఉండాలి, సభ్యులుగా కూర్చునే హక్కూ ఉండాలి అని వాదించింది. ఆమె తెల్లదొరల ముందు కాదు, తన జాతి మగవాళ్ళ ముందు నిలబడి అడిగింది. ఈ సంగతి మన సంఘాల్లో కుర్చీలు వేసుకుని కూర్చునే అన్నలు కూడా చదవాలి.

మళ్ళీ మన దగ్గరికొద్దాం. 1935 చట్టం ఇంకొంతమంది ఆడవాళ్ళను చేర్చింది. చదువొచ్చినవాళ్ళు, ఆస్తి ఉన్న మగవాడి భార్యలు. అంటే మొగుడి పట్టా మీద పెళ్ళానికి ఓటు. మద్రాసు శాసనసభలో 215 స్థానాలుంటే, వెనుకబడిన ప్రాంతాలకు, తెగలకు అన్నిటికీ కలిపి ఇచ్చింది ఒకే ఒక్క స్థానం.

రాజ్యాంగ సభలో పదిహేను మంది స్త్రీలు కూర్చున్నారు. మన దుర్గాబాయి కూడా అందులో ఉన్నారు. ఆదివాసీ స్త్రీ ఒక్కరూ లేరు. 1946 డిసెంబరులోనే జైపాల్ సింగ్ ముండా లేచి ఈ లోటు ఎత్తిచూపారు. ఇక్కడ మగవాళ్ళు ఎక్కువైపోయారు, ఆదివాసీ స్త్రీలు కావాలి అన్నారు. ప్రజాస్వామ్యం ఆదివాసులకు మీరు నేర్పేది కాదు, వాళ్ళ దగ్గర మీరే నేర్చుకోవాలి అని కూడా అన్నారు. ఆయన మాట విన్నారో లేదో గానీ రాజ్యాంగం ఒక మంచి పని చేసింది. 326వ అధికరణంలో ఆస్తి, చదువు, కులం, ఆడ, మగ ఏదీ చూడకుండా, వయసొచ్చిన అందరికీ ఓటు అని రాసింది. అప్పుడు వయసు 21. 1989 నుంచి 18. జమీందారు భార్యకూ, కాలవ గట్టు మీది మన అమ్మమ్మకూ ఒకే రోజు, ఒకే హక్కు. ఆస్ట్రేలియా, కెనడా ఆదివాసులకంటే మనకే ముందొచ్చింది. దీన్ని చిన్నచూపు చూడొద్దు.

అయితే హక్కు వచ్చినంత తేలిగ్గా పేరు జాబితాలోకి రాలేదు. 1951-52 మొదటి ఎన్నికలకు జాబితాలు రాస్తుంటే దేశంలో చాలాచోట్ల ఆడవాళ్ళు సొంత పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని రాయించుకున్నారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలా కుదరదన్నారు. అసలు పేరు చెప్పని దాదాపు 28 లక్షల మంది స్త్రీల ఓట్లు పోయాయి. ఆ పని ఎక్కువగా ఉత్తరాదిలో జరిగింది, నిజమే. జాబితాలో సొంత పేరు లేకపోతే రాజ్యాంగం ఇచ్చిన ఓటు కూడా చేతికి రాదని మాత్రం దేశమంతటికీ తెలిసొచ్చింది. ఆ ఎన్నికల్లోనే ఇంకో వింత జరిగింది. బ్రిటిష్ వాళ్ళు జైల్లో పెట్టిన మన్యం తిరుగుబాటుదారు గాం మల్లు దొర విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. నేరస్థ తెగల చట్టం మద్రాసులో 1947లోనే పోయినా, దేశం మొత్తం మీద రద్దయింది ఆ ఎన్నికలు అయిపోయాక, 1952 ఆగస్టులో.

ఇప్పుడు మీ సంగతికొస్తా. భవానీపురం విజయవాడ పశ్చిమ నియోజకవర్గంలో ఉంది. అది జనరల్ సీటు. రాష్ట్రంలో ఎస్టీలకు కేటాయించిన ఏడు అసెంబ్లీ సీట్లలో ఒక్కటీ డెల్టాలో లేదు. షెడ్యూల్డ్ ప్రాంతమూ ఇక్కడ లేదు. మన వాళ్ళు చెల్లాచెదురుగా ఉన్నారు. కాబట్టి మన పేరు పోతే అడిగేవాడు ఉండడు. చేపల చెరువు కాపలాకు ఓ ఊరు, కోతలకు ఓ ఊరు పోతాం. సర్వేకు వచ్చినప్పుడు గుడిసెకు తాళం ఉంటుంది. 'ఇక్కడ లేరు' అని రాసుకుపోతారు. అమ్మాయికి పెళ్ళై అత్తారింటికి పోతే పుట్టింట్లో పేరు కొట్టేస్తారు, అక్కడ ఎవరూ ఎక్కించరు. ఎవరూ కక్ష కట్టకుండానే ఓటు పోతుంది.

దీనికి మందు మన చేతిలోనే ఉంది. పద్దెనిమిది నిండినవాళ్ళు ఫారం 6 పెట్టండి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏ తేదీకి వయసు నిండినా చాలు. పదిహేడు నిండితే ముందే పెట్టుకోవచ్చు. ఇల్లు మారినా, అత్తారింటికి పోయినా, పేరులో తప్పు పడినా ఫారం 8. డోర్ నంబరు లేదని, కాగితం లేదని ఎవరైనా తిప్పి పంపితే నోరు మూసుకుని రావద్దు. ఇల్లే లేనివాళ్ళకు చిరునామా కాగితం అడగకూడదు. వాళ్ళు రాసిచ్చిన చోటే పడుకుంటున్నారా అని బీఎల్‌వో రాత్రిపూట వచ్చి చూసుకుని పేరు ఎక్కించాలి. అది ఎన్నికల సంఘం పెట్టుకున్న పద్ధతే. ఏ అనుమానం ఉన్నా 1950 నంబరుకు ఫోన్ చెయ్యండి.

"ఓటేస్తే ఏం మారిందన్నా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2014లో పోలవరం ముంపు మండలాలను ఓ రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చినప్పుడు అక్కడి కోయ, కొండరెడ్డి జనం ఒప్పుకుంటారా అని ఓటు పెట్టి అడిగినవాళ్ళు లేరు. అదే 2013లో పక్క ఒడిశాలో నియమగిరి కొండ తవ్వాలా వద్దా అని సుప్రీంకోర్టు చెప్పి మరీ గ్రామసభలను అడిగించింది. పన్నెండు పల్లెలు, ఆడా మగా కూర్చుని, పన్నెండూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది. అడగని చోట అన్యాయం జరిగింది, అడిగిన చోట కొండ నిలబడింది. కాబట్టి ఓటు పనికిరాదని వదిలేయడం కాదు, మమ్మల్ని అడగండి అని ప్రతిచోటా పట్టుబట్టడం మన పని. అడిగే రోజు వచ్చినప్పుడు మన ఆడవాళ్ళ పేర్లు జాబితాలో ఉండాలి కదా!

అందుకే ఈ ఆదివారం ఒక పని పెట్టుకోండి. ఫోన్‌లో మీ బూత్ ఓటర్ల జాబితా తెరవండి. అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమె పేరు వెతికి, పైకి చదివి వినిపించండి. తప్పుంటే దిద్దించండి. లేకపోతే ఎక్కించేదాకా తిరగండి. తర్వాత పక్క గుడిసెకు వెళ్ళండి.

జై ఆదివాసీ!