పాలలో దాగిన సత్యం

శాస్త్రజ్ఞుల మాటకు విలువ దేనివల్ల కలుగుతుంది? పట్టాల వల్లనా, పదవుల వల్లనా, చూపిన ఆధారాల వల్లనా? ఆధారాల వల్లనే కలగాలని అందరూ అంగీకరిస్తారు. ఆచరణలో మాత్రం చెప్పిన విషయం కన్నా చెప్పినవారెవరన్న విచారణే తరచుగా ముందు నిలుస్తుంది. ఈ ధోరణి ప్రజారోగ్యానికి ఎంత హాని చేయగలదో అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఆలిస్ ఇవాన్స్ జీవితం తెలియజేస్తుంది.

ఆలిస్ కేథరిన్ ఇవాన్స్ 1881లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని నీత్ అనే పల్లెలో జన్మించారు. కళాశాల చదువుకు స్థోమత లేక నాలుగేళ్లు బడిపిల్లలకు పాఠాలు చెప్పారు. గ్రామీణ ఉపాధ్యాయుల కోసం కార్నెల్ విశ్వవిద్యాలయం ఉచితంగా నిర్వహించిన ప్రకృతి పాఠాలు ఆమెను విజ్ఞానశాస్త్రం వైపు మళ్లించాయి. అక్కడే 1909లో పట్టభద్రురాలై, మరుసటి ఏడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. పూర్తిచేశారు. అనంతరం ప్రభుత్వ వ్యవసాయ శాఖకు చెందిన పాడి విభాగంలో చేరి, పాలలోని బ్యాక్టీరియాను పరిశీలించసాగారు.

ఆనాటికి రెండు వ్యాధులు వేర్వేరుగా తెలిసి ఉన్నాయి. మొదటిది మనుషులను పీడించే మాల్టా జ్వరం. దాని క్రిమిని 1887లో డేవిడ్ బ్రూస్ గుర్తించారు; అది మేకలలో నివసిస్తుందని 1905లో తేలింది. రెండవది చూడి ఆవులు నెలలు నిండకముందే ఈసుకుపోయే వ్యాధి. దాని క్రిమిని 1897లో డెన్మార్క్‌కు చెందిన బెర్న్‌హార్డ్ బాంగ్ కనుగొన్నారు. ఒక క్రిమిని గుండ్రనిదిగానూ, మరొకదానిని కడ్డీ ఆకారం గలదిగానూ వర్గీకరించినందువల్ల వాటికి సంబంధం ఉండగలదన్న ఆలోచనే రాలేదు. ఇవాన్స్ ఆ రెండింటినీ పక్కపక్కన పెంచి పరీక్షించారు. అవి అతి సన్నిహిత బంధువులని తేలింది. పైకి ఆరోగ్యంగా కనిపించే ఆవుల పాలలోనూ ఈ క్రిమి ఉండవచ్చునని, పచ్చిపాలు ప్రమాదకరమని ఆమె 1917లో శాస్త్రజ్ఞుల సభలో హెచ్చరించారు. 1918లో ఆ పరిశోధన ప్రచురితమైంది.

సభ నమ్మలేదు. అది నిజమైతే ఇంతకాలం గొప్పవారి కంటపడకుండా ఉంటుందా అన్నారు. ఆమె స్త్రీ కావడం, డాక్టరేటు లేకపోవడం ఆ అవిశ్వాసానికి బలం చేకూర్చాయి. పశువుల జ్వరాన్ని గోమార్లు వ్యాపింపజేస్తాయని నిరూపించిన థియొబాల్డ్ స్మిత్ అంతటి శాస్త్రజ్ఞుడు సైతం ఆమె నిర్ణయాన్ని సందేహించారు.

సందేహించడం తప్పు కాదు. సందేహం లేనిచోట శాస్త్రం లేదు. అయితే శాస్త్రీయమైన సందేహం ప్రయోగశాలకు దారితీయాలి. వ్యక్తి అర్హతల విచారణతో ఆగిపోకూడదు. ఇవాన్స్ ఫలితాలను పరీక్షించి చూసినవారికి సత్యం త్వరగానే బోధపడింది. 1920లో కార్ల్ మేయర్, షా అనే శాస్త్రజ్ఞులు ఈ క్రిములను ఒకే ప్రజాతిగా గుర్తించి, దానికి బ్రూస్ పేరు మీదుగా 'బ్రూసెల్లా' అని నామకరణం చేశారు. పరీక్షించకుండానే కాదన్నవారి సంశయం మాత్రం ఏళ్ల తరబడి కొనసాగింది. ఆ జాప్యానికి మూల్యం చెల్లించినది పండితులు కాదు, పచ్చిపాలు తాగిన సామాన్యులు.

ఇవాన్స్ విమర్శలకు ప్రయోగాలతోనే బదులిచ్చారు. 1922లో ఆ క్రిమి ఆమెకే సోకింది. తగ్గినట్లే తగ్గి తిరగబెట్టే ఆ జ్వరం రెండు దశాబ్దాలకు పైగా బాధించినా, ఆమె 1945లో పదవీ విరమణ చేసేవరకు పరిశోధన మానలేదు. 1928లో అమెరికా బ్యాక్టీరియా శాస్త్రజ్ఞుల సంఘానికి అధ్యక్షురాలయ్యారు. ఆ పదవిని పొందిన తొలి మహిళ ఆమెయే. 1930వ దశకంలో అమెరికాలో పాలను పాశ్చరీకరించాలన్న నియమాలు విస్తరించాయి. పాలను 63 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు ఉంచితే ఈ క్రిమి నశిస్తుంది. పరిష్కారం అంత సులభమైనది. దాని అవసరాన్ని ఒప్పించడమే కష్టమైంది.

తెలుగు ఇళ్లలో పాలు కాచి తాగడం అనాదిగా ఉన్న అలవాటు. పచ్చిపాలే బలవర్ధకమన్న మాట నేటికీ అక్కడక్కడ వినిపిస్తుంది. బ్రూసెల్లా భారతదేశపు పశువులలో ఇంకా ఉన్నందువల్లనే 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు గల పెయ్యదూడలకు టీకా వేయడాన్ని చేర్చారు. కాబట్టి పొయ్యిమీద పాలు పొంగేదాకా ఆగడం చాదస్తం కాదు, శాస్త్రసమ్మతమైన జాగ్రత్త.

ఇవాన్స్ 1975లో, 94వ ఏట కన్నుమూశారు. విజ్ఞానశాస్త్రం చదివే యువతరం ఆమె కనుగొన్న క్రిమి బంధుత్వంతో పాటు, ఆమె ఎదుర్కొన్న తిరస్కారాన్నీ గుర్తుంచుకోవాలి. కొత్త మాట విన్నప్పుడు చెప్పినవారి హోదాను కాక, చూపిన ఆధారాన్ని పరీక్షించడమే ఆమెకు నిజమైన గౌరవం.