గింజ ఒక్కటే... పేర్లే మూడు!

నర్సీపట్నంలో ‘చోళ్లు ఓ కేజీ ఇవ్వండి’ అంటే కొట్టువాడు మారుమాట లేకుండా తూచి ఇస్తాడు. అదే మాట అనంతపురంలో అంటే ‘అవేంటండీ?’ అని ఎదురు ప్రశ్న రావచ్చు. అక్కడవి రాగులు. తెలంగాణ పల్లెల్లో అయితే తైదలు. గింజ మాత్రం ఒక్కటే!

బండి బళ్లయినట్టు, గుడి గుళ్లయినట్టు చోడి చోళ్లయింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో ‘చ’ కాస్తా ‘స’ అయి సోడి, సోళ్లు అనీ వినిపిస్తుంది. ఆ పిండితో కాచేదే సోడంబలి. పిండిని రాత్రే నీళ్లలో కలిపి పులియబెట్టి, ఉడుకుతున్న నూకల్లో పోసి కాస్తారు. చల్లారాక మజ్జిగ కలిపి, ఉల్లిపాయో పచ్చిమిరపకాయో నంజుకుంటూ తాగితే ఎండలో పనిచేసేవాళ్లకు మధ్యాహ్నం దాకా ఆకలి మాటే ఉండదు.

ఇంతగా మనదైపోయిన ఈ గింజ పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. వేల ఏళ్ల కిందటే మన దేశానికొచ్చి స్థిరపడింది. దీని శాస్త్రీయ నామం ఎల్యూసిన్ కొరకానా. అందులో మొదటి మాట, ధాన్యదేవత డిమీటర్ గుడి ఉన్న గ్రీకు పట్టణం ఎల్యూసిస్ నుంచి వచ్చింది. రెండోది సింహళంలో ఈ గింజను పిలిచే ‘కురక్కన్’ నుంచి. పొరుగునున్న ఒడిశావాళ్లకు ఇదే మాండియా, మరాఠీలకు నాచణి.

మరి చోడి వెనకబడిందెందుకు? 1983లో రెండు రూపాయలకే కిలో బియ్యం పథకం వచ్చాక పేదింట్లోనూ పొయ్యి మీద అన్నం కుండే ముందుకొచ్చింది. వరి అన్నం హోదా అయింది, అంబలి లేమికి గుర్తయింది. చుట్టాలొస్తే అంబలి గిన్నె దాచేసిన ఇళ్లూ ఉన్నాయి. ఏజెన్సీ కొండవాలుల్లో గిరిజన రైతులు మాత్రం సాగు వదల్లేదు. ఇప్పటికీ పండిస్తున్నారు.

ఆ తర్వాత గాలి తిరిగింది. వంద గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ! 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అదే ఏడాది మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలకు వారానికి మూడు రోజులు బెల్లం కలిపిన జావ ఇవ్వడం మొదలైంది.

గింజ తిరిగొచ్చింది, సంతోషమే. కానీ వచ్చింది ‘రాగి’ పేరుతో! బడిలో రాగిజావ, ప్యాకెట్ మీద రాగి మాల్ట్, టీవీలో రాగి బిస్కెట్. ఇంటికొచ్చిన మనవడు ‘మామ్మా, నాకు రాగిజావ కావాలి’ అంటే, ‘మనింట్లో రాగులెక్కడివిరా, చోళ్లున్నాయి గానీ’ అని ఆవిడ, ‘నాకు చోళ్లొద్దు’ అని వాడు! గింజ ఒక్కటేనని వాళ్లిద్దరికీ చెప్పేవాళ్లుండాలి కదా.

రాగి మాటలో తప్పేం లేదు, అదీ తెలుగు నేల మీద తరతరాలుగా ఉన్నదే. చోడి, తైద కూడా అంతే సొంతం. ఈసారి జావ గ్లాసు చేతికిచ్చేటప్పుడు మీ ఊరి పేరు కూడా పిల్లలకు చెప్పండి. కాల్షియంతో ఎముకలు గట్టిపడతాయి, మాట మాత్రం నోట్లో నానితేనే బతుకుతుంది!